కిటికీ బ్లైండ్ తాడు తెగిందా? ఇంట్లోనే మార్చుకునేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లలో పరదాలతో పాటు బ్లైండ్లూ మామూలైపోయాయి. హాల్లో అల్యూమినియం పట్టీల బ్లైండ్, బాల్కనీలో చుట్టి పైకి లేపే వెదురు తెర, అంటే చిక్, ఆఫీసు గదిలో గుడ్డ గొట్టానికి చుట్టుకునే రోలర్. కొన్ని ఎండాకాలాలు గడిచేసరికి ఏదో ఒక తాడు తెగి, బ్లైండ్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. షాపుకు వెళ్తే కొత్తది వేయించుకోమంటారు. పట్టీలు వంగకుండా, పై డబ్బా (పైన కిటికీకి బిగించిన రేకు పెట్టె) తుప్పు పట్టకుండా ఉంటే ఆ ఖర్చు అక్కర్లేదు. తాడు మార్చుకుంటే చాలు. కింద ఎక్కువగా చెప్పింది పట్టీల బ్లైండ్ గురించి, ఎందుకంటే పనంతా అందులోనే ఉంది.

తాడు తెగగానే మొట్టమొదట ఏం చూడాలి?

తెగిన చోటు చూడండి. 1.4 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు పది కిలోల బరువు అవలీలగా మోస్తుంది. నాలుగడుగుల అల్యూమినియం బ్లైండ్ అందులో సగం కూడా తూగదు. కాబట్టి బరువుకు తెగిందనుకోవద్దు. ఏదో ఒకటి దాన్ని కోసి ఉండాలి, లేదా ఎండ తినేసి ఉండాలి. ఆ కారణాన్ని అలాగే వదిలేసి కొత్త తాడు ఎక్కిస్తే అదీ అక్కడే తెగుతుంది.

కొస పీచులు లేచి, నలిగి చదునుగా ఉంటే తాళం దగ్గర, అంటే పై డబ్బా చివర తాడును పట్టి ఆపే చోట అరిగినట్టు. ఒక పక్క బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంటే పై డబ్బా బెజ్జం అంచు కోసినట్టు. అక్కడ బెజ్జం అంచుకు తొడిగి ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ రింగు, అంటే బుష్ ఊడిపోయి, రేకు అంచు తాడుకు తగులుతూ ఉంటుంది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలి, వంచితే పుటుక్కుమంటే అది ఎండ పని. అలాంటప్పుడు తెగిన తాడు ఒక్కటే కాదు, ఆ కిటికీకి ఉన్న తాళ్లన్నీ మార్చాల్సిందే. అడుగు పట్టీలో ముడి దగ్గర నల్లబడి తెగితే తేమ చేరింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొట్టే వానజల్లు కిటికీ గట్టు మీద నిలిచి, అడుగు పట్టీ అందులోనే నానుతూ ఉంటే ఇలా జరుగుతుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ముందు అనుమానించాల్సింది తాళాన్నే. తాడును పట్టి ఆపేది సన్నటి గాట్లు ఉన్న ఒక లోహపు పిన్ను. అది ఇనుపదైతే ఉప్పుగాలికి తుప్పు పట్టి, తాడు పైకీ కిందికీ జారినప్పుడల్లా ఆకురాయిలా రాస్తుంది. చీమకుర్తి వైపు తంటా వేరు. క్వారీల రాతిపొడి తాడు అల్లికలోకి చేరి లోపలి పీచుల్ని కోస్తుంది. పైకి బాగానే కనిపిస్తున్న తాడు ఉన్నట్టుండి తెగడానికి అక్కడ ఇదీ ఒక కారణం.

ఇక్కడ వాడిన పేర్లు ఏ భాగాలకు?

పైన కిటికీకి బిగించిన రేకు పెట్టె పై డబ్బా. అడ్డంగా ఉండేవి పట్టీలు. అన్నిటికన్నా కింద బరువుగా ఉండేది అడుగు పట్టీ. పట్టీల బెజ్జాల గుండా దిగి బ్లైండును పైకి లేపేది లేపుడు తాడు. పట్టీల్ని మెట్లలా మోసేది నిచ్చెన దారం. పై డబ్బా చివర తాడును పట్టి ఆపేది తాళం. చేత్తో పట్టుకునే గంట లాంటి బిళ్ల కుచ్చు. తెగేది ఎక్కువసార్లు లేపుడు తాడే.

తెగిన చోటే ముడేసి వాడుకోవచ్చా?

ఒక్క సందర్భంలో వాడుకోవచ్చు. బ్లైండ్ పూర్తిగా దించినప్పుడు తాళం బయట, చేతికి అందేలా వేలాడే భాగం ఉంటుంది కదా, తాడు అక్కడ తెగితే ముడి వేసుకోండి. ఆ భాగం ఎప్పుడూ తాళంలోకి వెళ్లదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇంకెక్కడ తెగినా ముడి పనికిరాదు. అది తాళంలో గానీ పట్టీ బెజ్జంలో గానీ ఇరుక్కుంటుంది. గట్టిగా లాగితే తాళం ప్లాస్టిక్ విరుగుతుంది, అప్పుడు ఖర్చు తాడుతో పోదు.

ఏ తాడు కొనాలి? ఎంత లావు?

గట్టిగా అల్లిన పాలిస్టర్ తాడు. 25 మిల్లీమీటర్ల పట్టీలున్న బ్లైండుకు సాధారణంగా 1.4 మిల్లీమీటర్లు, 50 మిల్లీమీటర్ల చెక్క పట్టీలదానికి 1.8 నుంచి 2.2 దాకా. గుడ్డ మడతలుగా పైకి లేచే రోమన్ బ్లైండుకు 1.2 నుంచి 2 మధ్యలో, వెదురు చిక్‌కు 4 లేదా 5.

లావు కంటితో అంచనా వేయొద్దు. పాత తాడును పెన్సిలు చుట్టూ పది చుట్లు పక్కపక్కనే ఆనుకునేలా చుట్టి, ఆ చుట్ల వెడల్పు స్కేలుతో కొలవండి. 14 మిల్లీమీటర్లు వస్తే తాడు 1.4. నలగని చోట, అంటే పై డబ్బా లోపల ఉన్న ముక్కతో కొలిస్తే సరిగ్గా వస్తుంది. సన్నంగా తెస్తే తాళం పట్టదు, బ్లైండ్ జారి పడుతుంది. లావుగా తెస్తే తాళంలో దూరదు, ఎలాగో దూర్చినా దించేటప్పుడు విడవదు.

మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో ఈ లావు అల్లిక తాడు దొరకడం తక్కువ. పరదాలు, బ్లైండ్లు కుట్టి బిగించే షాపుల్లో మీటర్ల లెక్కన ఇస్తారు. నెల్లూరు ట్రంకు రోడ్డు, చిన్నబజారు వైపు, ఒంగోలులో ట్రంకు రోడ్డు వైపు అడిగి చూడండి. పాత ముక్క రెండంగుళాలు జేబులో వేసుకుని వెళ్లండి.

షాపువాళ్లు పాలిస్టర్ అని ఇచ్చిన తాడు నిజంగా అదేనా అని తెలిసేదెలా?

చిన్న ముక్క కత్తిరించి, వేళ్ల మధ్య నలిపి, గాలి బుడగలు పోయేలా నీళ్లలో పిండండి. వదిలితే మునగాలి. తేలితే అది పాలీప్రొపిలీన్ లేదా పాలిథీన్ రకం, వెనక్కి ఇచ్చేయండి. పడమటి ఎండ పడే కిటికీలో పాలీప్రొపిలీన్ తాడు త్వరగా పొడిబారి రాలిపోతుంది. నైలాన్ కూడా మునుగుతుంది కాబట్టి ఈ పరీక్షతో అది బయటపడదు. కానీ నైలాను సాగుతుంది. ఒక అడుగు ముక్కను రెండు చేతులా గట్టిగా లాగి చూడండి. స్పష్టంగా సాగి మళ్లీ ముడుచుకుంటే నైలాను అనుకోండి.

వల దారం వాడొచ్చా? గేలం తీగ?

తీరపు ఊళ్లలో చేతికి తేలిగ్గా దొరికేది అదే కాబట్టి ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. వాడొద్దు. వల దారం అల్లింది కాదు, పురి పెట్టింది. తాళంలోంచి పోయేటప్పుడు పురి విప్పుకుని ఒక్కో పోగూ తెగుతుంది. నైలాన్ వల దారం తేమకు సాగి, ఎండకు బిగుస్తుంది. రెండు తాళ్లు ఒకేలా సాగవు కాబట్టి బ్లైండ్ వంకరగా లేస్తుంది. పాలిథీన్ వల దారం మరీ నునుపు, ముడి నిలవదు. గేలం తీగ అయితే తాళం దాన్ని పట్టుకోలేదు, పైగా ప్లాస్టిక్ బుష్‌ను రంపంలా కోసేస్తుంది.

పైజామా నాడా?

వద్దు. లావెక్కువ, పైగా నూలుది కాబట్టి తేమకు కుళ్లుతుంది.

ఎంత పొడవు కావాలో లెక్క ఎలా?

ఒక్కో తాడుకు విడిగా లెక్క కట్టాలి. నాలుగు కొలతలు కలపండి: బ్లైండ్ ఎత్తు, ఆ తాడు దిగే చోటు నుంచి తాళం దాకా అడ్డంగా ఉన్న దూరం, చేతికి వేలాడే భాగం, ముడులకు 20 సెంటీమీటర్లు.

120 సెంటీమీటర్ల ఎత్తు, 120 వెడల్పు ఉన్న బ్లైండ్ తీసుకుందాం. తాళ్లు రెండు, ఒక్కోటి అంచు నుంచి 15 సెంటీమీటర్ల లోపల దిగుతాయి. తాళం కుడి అంచుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. వేలాడే భాగం 60. దగ్గరి తాడుకు 120, 10, 60, 20 కలిపితే 210 సెంటీమీటర్లు. దూరపు తాడుకు 120, 100, 60, 20 కలిపితే 300. మొత్తం 5.1 మీటర్లు, ఆరు కొనండి. ఆరడుగుల వెడల్పు కిటికీకి మూడు తాళ్లుంటాయి, మూడోది మర్చిపోకండి.

వేలాడే భాగం 60 అనడానికి కారణం ఉంది. మన ఇళ్లలో కిటికీ పై అంచు మామూలుగా నేల నుంచి ఏడడుగుల మీద, అంటే 213 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 60 వేలాడితే కుచ్చు నేలకు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతుంది. పసిపిల్లలకు అందదు, పెద్దవాళ్లకు అందుతుంది.

ఒక తాడే తెగింది. రెండోది బాగానే ఉంది. రెండూ మార్చాలా?

మార్చండి. రెండూ ఒకే ఎండలో ఒకే వయసు తాళ్లు. పైగా పాత తాడు కొంత సాగి ఉంటుంది, కొత్తది సాగలేదు. రెండింటినీ జత చేస్తే బ్లైండ్ సమంగా లేవదు.

ఏయే సామాన్లు దగ్గర పెట్టుకోవాలి?

స్క్రూడ్రైవరు, కత్తెర, లైటరు లేదా అగరొత్తి, బట్టల క్లిప్పులు రెండు మూడు, సెల్లోటేపు, పాత టూత్‌బ్రష్, సన్నటి ఆకురాయి. తాళం తుప్పు పట్టి ఉంటే కొత్త తాళం కూడా ఒకటి తెచ్చుకుని మొదలుపెట్టండి. సగంలో ఆగిపోయిన బ్లైండును మడతపెట్టి దాచడం కష్టం, నిచ్చెన దారాలు చిక్కుపడతాయి.

పట్టీల బ్లైండును కిటికీ నుంచి ఎలా దించాలి?

తాడు మొత్తం తెగలేదంటే ముందు బ్లైండును పూర్తిగా కిందికి దించి, పట్టీల్ని అడ్డంగా తెరిచి ఉంచండి. పై డబ్బాలో తాడు ఎటు నుంచి ఎటు వెళ్లిందో, తాళంలో ఏ పక్కన దూరిందో ఫోనుతో ఫొటో తీసుకోండి. తర్వాత చిక్కు వస్తే ఆ ఫొటోనే దారి చూపుతుంది. డబ్బా రెండు చివర్లా ఉన్న బ్రాకెట్ తలుపును పక్కకు జరపండి, లేదా పైకి ఎత్తి తెరవండి. మోడలును బట్టి మారుతుంది. కొన్నిటికి తలుపు ఉండదు, వెనక నాలుకలా ఉన్న క్లిప్పును స్క్రూడ్రైవరుతో నొక్కితే డబ్బా ముందుకు ఊడుతుంది. ఇద్దరు ఉండండి. నాలుగడుగుల బ్లైండు మధ్యలో వంగితే పట్టీలు మడతపడతాయి, మడతపడిన అల్యూమినియం పట్టీ మళ్లీ తిన్నగా రాదు.

మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద బ్లైండును నిడివిగా పెట్టండి.

పాత తాడు తెగకుండా అరిగి మాత్రమే ఉంది. తేలిక దారి ఉందా?

ఉంది. తెగేదాకా ఆగకుండా ఈ దశలోనే మార్చుకుంటే పని మూడొంతులు తగ్గుతుంది.

అడుగు పట్టీ కింద చిన్న ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవరు మొనతో పైకి లేపితే లోపల తాడు ముడి కనిపిస్తుంది. ముడి కోసేయండి. ఆ పాత కొసను, కొత్త తాడు కొసను అగరొత్తి నిప్పుకు ఒక్క క్షణం చూపించి, రెండూ మెత్తబడగానే మొన మొన ఆనించి నొక్కండి. చల్లారాక వేళ్ల మధ్య దొర్లించి చూడండి. అతుకు తాడుకన్నా లావుగా ఉంటే కత్తిరించి మళ్లీ అతకండి. అతుకు నిలవకపోతే సూదితో పాలిస్టర్ దారం రెండు మూడు కుట్లు వేసినా సరిపోతుంది.

ఇప్పుడు కుచ్చు వైపు నుంచి మెల్లగా లాగండి. కింది నుంచి కొత్త తాడు పట్టీల గుండా పైకెక్కి, డబ్బాలోంచి వెళ్లి తాళం బయటికి వస్తుంది. ఈ దిశలో తాళం అడ్డుపడదు. లేపేటప్పుడు తాడు స్వేచ్ఛగా వెళ్లడానికే దాన్ని అలా చేశారు. పై నుంచి కిందికి లాగాలని చూస్తే అతుకు తాళంలో ఇరుక్కుంటుంది. ఒక తాడు పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టండి, రెండూ ఒకేసారి తీయొద్దు.

తాడు పూర్తిగా తెగి బయటికి వచ్చేసింది. మొదటి నుంచి ఎక్కించడం ఎలా?

ముందు కొత్త తాడు కొసను సూదిలా చేసుకోవాలి. నిప్పుకు చూపించి, మెత్తబడ్డాక తడి గుడ్డతో పట్టుకుని మెలితిప్పి లాగండి, సన్నటి గట్టి మొన తయారవుతుంది. వట్టి వేళ్లతో పట్టుకుంటే కరిగిన పాలిస్టర్ అంటుకుని కాలుతుంది.

పై డబ్బా పనంతా మంచం మీద కానివ్వండి. తాళంలో గాట్ల పిన్నుకు, దాని పక్కనున్న చిన్న చక్రానికి మధ్యలోంచి తాడు పోవాలి. చక్రానికి అవతల పక్కనుంచి దూరిస్తే బ్లైండ్ ఎక్కడా నిలవదు, అందరూ తడబడేది ఇక్కడే. రెండు తాళ్లూ పక్కపక్కన సమాంతరంగా ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. డబ్బా పొడవునా తాడు పట్టీల్ని తిప్పే కడ్డీకి చుట్టుకోకుండా చూడండి. నిచ్చెన దారం పైన ఒక ప్లాస్టిక్ గిలక ఉంటుంది, దాని మధ్య బెజ్జంలోంచి తాడు కిందికి దిగాలి. గిలక పక్కనుంచి దింపితే పట్టీల్ని తిప్పినప్పుడల్లా తాడు నలుగుతుంది.

తాడు డబ్బా కిందికి ఒక అడుగు దిగాక, వెనక్కి జారిపోకుండా తాళం వైపు కొసకు బట్టల క్లిప్పు పెట్టండి. ఇప్పుడు బ్లైండును మళ్లీ కిటికీకి తగిలించి, నిలబడి పట్టీల్లోకి దూర్చండి. మంచం మీద కన్నా ఇలా తేలిక, ఎందుకంటే పట్టీలు తమ బరువుకు సమంగా వేలాడి బెజ్జాలన్నీ ఒకే వరుసలోకి వస్తాయి.

120 సెంటీమీటర్ల బ్లైండులో యాభై పైచిలుకు పట్టీలుంటాయి. ప్రతి పట్టీ కింద నిచ్చెన దారం అడ్డపోగు ఉంటుంది. తాడు మొదటి పట్టీ దగ్గర ఆ అడ్డపోగుకు ముందు నుంచి దిగితే, రెండోదాని దగ్గర వెనక నుంచి దిగాలి. మూడోది మళ్లీ ముందు, నాలుగోది వెనక. ఇలా మార్చి మార్చి వేస్తేనే పట్టీలు పక్కకు జారకుండా ఉంటాయి. అన్నీ ఒకే పక్క దూర్చేస్తే తాడు ఎక్కినట్టే ఉంటుంది గానీ, జూన్ పడమటి గాలికి పట్టీలు ఒక్కోటీ పక్కకు జరిగి గోడకు తగులుతుంటాయి. పది పట్టీలకోసారి ఆగి, వెనక నుంచి టార్చి వేసి చూసుకోండి. చివర్లో తప్పు కనబడితే అంతా విప్పాలి.

చివరికి అడుగు పట్టీ బెజ్జంలోంచి దించి, ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసి, కొసను నిప్పుకు చూపించండి. మామూలు ఒంటి ముడి నునుపు పాలిస్టర్ మీద జారుతుంది.

కొత్త తాడు వేశాక బ్లైండ్ ఒక పక్కకు వంకరగా లేస్తోంది.

రెండు తాళ్ల పొడవు సరిపోలలేదు. కుచ్చు ముడి విప్పి, బ్లైండ్ పూర్తిగా దించండి. పట్టీల బరువు నిచ్చెన దారాల మీద ఉండాలి, లేపుడు తాళ్లు వదులు లేకుండా, అలాగని లాగకుండా ఉండాలి. ఆ స్థితిలో రెండు తాళ్లనూ కలిపి పట్టుకుని ఒకే చోట ముడి వేయండి. నాలుగైదు సార్లు పైకీ కిందికీ నడిపి, అప్పుడు మళ్లీ చూడండి. కొత్త తాడు మొదటి రోజుల్లో కొద్దిగా సర్దుకుంటుంది. కుచ్చు పైన పొడవు కొంత మిగిల్చి ఉంచితే వారం తర్వాత సరిచేసుకోవచ్చు.

బ్లైండ్ లేస్తోంది గానీ ఆగడం లేదు, వదలగానే జారుతోంది.

తాడు సన్నంగా ఉండాలి, లేదా తాళంలో తప్పు పక్క దూరి ఉండాలి. రెండూ కాకపోతే తాళం చక్రం దుమ్ముకు బిగుసుకుని, తాడు మీదికి పడటం లేదు. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తోమి, సిలికాన్ స్ప్రే ఒక్క చుక్క వేయండి. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేయొద్దు. అవి దుమ్మును పట్టి ముద్ద చేస్తాయి, తాడును జారేలా కూడా చేస్తాయి.

కందిరీగలు పై డబ్బాలో మట్టి గూళ్లు కడతాయి. చాలాకాలం కదపని బ్లైండ్ అయితే చేయి పెట్టే ముందు టార్చి వేసి చూడండి.

దించాలంటే రావడం లేదు, బిగిసిపోయింది.

తాడును ముందు ఒక అంగుళం కిందికి లాగి, అలాగే పట్టుకుని బ్లైండ్ మధ్య వైపుకు ఏటవాలుగా తీసుకెళ్లండి. అప్పుడు చక్రం లేచి తాడు విడుస్తుంది. తిన్నగా కిందికి లాగి వదిలితే తాళం ఇంకా గట్టిగా పడుతుంది. మర్మం తెలియక బలంగా గుంజడం వల్ల తెగే తాళ్లు ఎన్నో. ఇంట్లో పనిచేసేవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది ఒకసారి చేసి చూపించండి.

రేకు అంచు కోసింది, బుష్ లేదు. ఏం చేయాలి?

కొత్త బుష్ దొరికితే అదే మంచిది. దొరకకపోతే ఆకురాయితో అంచును రెండు వైపులా గుండ్రంగా రాసి, వేలితో తడిమి చూడండి. గరుకు తగలకూడదు. ఆ తర్వాతే తాడు వేయండి. ఇన్సులేషన్ టేపు అంటించడం పనికిరాదు, ఎండకు జిగురు కరిగి తాడుకు అంటుకుంటుంది.

నిచ్చెన దారం తెగితే?

ఒక అడ్డపోగు తెగితే పాలిస్టర్ దారంతో సూది పెట్టి అదే పొడవులో కొత్త పోగు కుట్టేయండి. పక్క దారం తెగితే ముడి వేయొద్దు. ముడి వేస్తే దారం పొట్టిదై, అక్కడి నుంచి కింది పట్టీలన్నీ వాలిపోతాయి. రెండు కొసల్ని అరసెంటీమీటరు మేర పక్కపక్కన పెట్టి కుట్టి, ఆ తగ్గినంత వదులు అడుగు పట్టీ దగ్గర ఇవ్వండి. మూడు నాలుగు చోట్ల తెగిందంటే నిచ్చెన దారం మొత్తం మార్చాలి. అది పట్టీలన్నీ ఊడదీసి చేసే పని.

బాల్కనీ వెదురు చిక్ తాడు మార్చడం కూడా ఇలాగేనా?

అది వేరే పద్ధతి. తాడు పై కర్రకు వెనక పక్కన కట్టి ఉంటుంది. అక్కడి నుంచి చిక్ వెనకగా దిగి, అడుగున చుట్టు తిరిగి, ముందు నుంచి పైకెక్కి, గిలకలోంచి పక్కకు వెళ్లి, చేతికి దిగుతుంది. చుట్టే చిక్ తానే ఒక కదిలే గిలకలా పనిచేస్తుంది కాబట్టి, ఒక అడుగు లేపడానికి రెండడుగుల తాడు లాగాలి, బరువు మాత్రం సగమే తెలుస్తుంది. పొడవు లెక్కలో చిక్ ఎత్తును రెండుసార్లు వేయాల్సింది ఇందుకే.

ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు చిక్‌కు, తాళ్లు అంచు నుంచి ఒక్కో అడుగు లోపల ఉన్నాయనుకోండి. దగ్గరి తాడు: వెనక 6, ముందు 6, అడ్డంగా 1, చేతికి 3, ముడులకు 1, మొత్తం 17 అడుగులు. దూరపుది అడ్డంగా 5 కాబట్టి 21. కలిపి 38 అడుగులు, అంటే 11.6 మీటర్లు. 13 మీటర్లు కొనండి.

ఇది తెగేది దాదాపు ఎప్పుడూ పైనున్న ఇనుప కొక్కెం దగ్గరే. కొక్కెం తిరగదు, తాడు దాని మీద రాసుకుంటూ పోతుంది. తాడు మార్చేటప్పుడే ఆ కొక్కేలు తీసేసి, తిరిగే చక్రం ఉన్న చిన్న ఇత్తడి లేదా స్టీలు గిలకలు బిగించండి. సముద్రం దగ్గర ఇనుప గిలకలు రెండో వానాకాలానికే బిగుసుకుపోవచ్చు.

రోహిణి కార్తెలో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లే ఇళ్లలో నూలు తాడు అస్సలు వద్దు. పగలంతా తడిసి ఎండి, ఒక్క కాలంలోనే కుళ్లుతుంది.

రోమన్ బ్లైండ్?

గుడ్డ వెనక రింగులుంటాయి. తాడు అట్టడుగు రింగుకు కట్టి, పై రింగులన్నిటి గుండా ఎక్కించి తాళంలోకి తేవాలి. పొడవు లెక్క పట్టీల బ్లైండుదే. రింగు కుట్లు వదులైతే తాడు మార్చేటప్పుడే బిగించి కుట్టేయండి.

రోలర్ బ్లైండుకు తాడు లేదు, పూసల చెయిన్ తెగింది.

చెయిన్ మొత్తం మార్చక్కర్లేదు. పూసల్ని కలిపే చిన్న క్లిప్పు దొరుకుతుంది, రెండు కొసల్ని అందులో నొక్కితే సరి. ఇళ్లలో ఎక్కువగా వాడే చెయిన్ పూస 4.5 మిల్లీమీటర్లు, పూస మధ్య నుంచి పూస మధ్యకు 6. క్లిప్పు ఎక్కడ ఉండాలన్నది ముఖ్యం. బ్లైండును పూర్తిగా పైకి చుట్టి, అప్పుడు చక్రానికి కొంచెం కింద, దించడానికి లాగే పక్క క్లిప్పు వచ్చేలా కలపండి. అలా అయితే దించేటప్పుడు క్లిప్పు చక్రం నుంచి దూరంగా వెళ్తుంది, లోపల ఇరుక్కోదు.

చుట్టేటప్పుడు గుడ్డ ఒక పక్కకు పోతుంటే అది చెయిన్ తప్పు కాదు. గుడ్డ ఏ పక్కకు పోతోందో దానికి అవతలి పక్కన గొట్టం మీద రెండంగుళాల మాస్కింగ్ టేపు ముక్క వేసి చూడండి. అటే ఇంకా ఎక్కువ పోతే ముక్కను రెండో పక్కకు మార్చండి.

పిల్లలున్న ఇంట్లో ఈ తాళ్లు ప్రమాదమా?

ప్రమాదమే, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఉచ్చులా ఉన్న తాడు గానీ చెయిన్ గానీ పసిపిల్లల మెడకు పడితే వాళ్ల బరువుకే బిగుసుకుంటుంది. గొంతు బిగిస్తే అరవలేరు కాబట్టి పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు. యూరప్ బ్లైండ్ల ప్రమాణం ఈఎన్ 13120 కూడా వేలాడే తాడుకు నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తునే హద్దుగా తీసుకుంది.

చేయాల్సినవి ఇవి. రెండు తాళ్ల కొసలు కలిపి పెద్ద ఉచ్చు చేయొద్దు. లాగితే విడిపోయే కుచ్చు దొరికితే అదే పెట్టండి. తాడు చుట్టే కొక్కేన్ని గోడకు ఐదడుగుల పైన బిగించి, బ్లైండ్ లేపిన ప్రతిసారీ మిగిలిన తాడంతా దానికి చుట్టండి. దించి ఉన్నప్పుడు 60 సెంటీమీటర్లే వేలాడే తాడు, పూర్తిగా లేపితే 180 అవుతుంది, నేల దగ్గరికి వచ్చేస్తుంది. రోలర్ చెయిన్ కింది కొసను గోడకు బిగించే బిళ్ల తప్పకుండా వేయండి. ఊయల, మంచం, సోఫా కిటికీ పక్కన ఉంటే అవి జరపండి.

కొక్కెం బిగించాలంటే గ్రానైట్ చౌకట్టుకు బెజ్జం పడుతుందా?

పడుతుంది గానీ, అంచుకు దగ్గరగా వేస్తే పలక పెచ్చు ఊడుతుంది. ఒంగోలు చుట్టుపక్కల కిటికీలకు చీమకుర్తి గ్రానైట్ పలకలు వేసిన ఇళ్లు ఎక్కువ. డ్రిల్లును హ్యామర్ మోడులో పెట్టొద్దు. 6 మిల్లీమీటర్ల డైమండ్ బిట్టుతో, నీళ్ల చుక్కలు వేస్తూ, తక్కువ వేగంతో వేయాలి. అంత తంటా ఎందుకంటే పక్కన ప్లాస్టరు గోడకు బిగించండి: 6 మిల్లీమీటర్ల బెజ్జం, 6 ప్లగ్గు, 35 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్క్రూ. అంటించే కొక్కేలు మాత్రం నమ్మొద్దు, ఎండ వేడికి ఊడిపోతాయి.

కొత్త తాడు ఎక్కువ కాలం నిలవాలంటే?

పడమటి కిటికీకి ఎండ నేరుగా తాడు మీద పడకుండా, తాళం వైపు ఒక పరదా అంచు వచ్చేలా చూసుకోండి. కిటికీ తలుపులు తీసినప్పుడు బ్లైండ్ పూర్తిగా లేపి ఉంచండి, సగంలో ఉన్న బ్లైండ్ గాలికి ఊగుతూ తాడును ఒకే చోట రాస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే బాల్కనీ చిక్‌ను చుట్టి, తాడుతో పాటు విడిగా ఇంకో తాడుతో రెండు చోట్ల కట్టేయండి. నెలకోసారి తాడును పొడి గుడ్డతో తుడవండి. ఒడ్డు ఊళ్లలో అయితే తడి గుడ్డతో తుడిచి, ఆరాకే లేపండి.

ఎప్పుడు బాగుచేయడం మానేసి కొత్తది కొనాలి?

పై డబ్బా లోపల తుప్పు పొరలుగా లేస్తుంటే, పట్టీల్లో పావు వంతుకు మించి మడతపడితే, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ గిలకలు చేత్తో నొక్కగానే పగులుతుంటే కొత్తది తీసుకోండి. పాతదాంట్లోంచి మంచి పట్టీలు, అడుగు పట్టీ బిళ్లలు, బ్రాకెట్లు తీసి ఉంచుకోండి. అదే కొలత బ్లైండ్ పక్క గదిలో ఉంటే అవి దానికి పనికొస్తాయి.